బాతుపిల్ల కూర్చున్న పేజీ

నేను పిల్లలకి మొదటిసారి పుస్తకం చదివి వినిపించినప్పుడు నాకు ఒక్క అక్షరం రాదు. గొప్ప కోసం చెప్పడం లేదు. అంగన్‌వాడీల్లో కొత్తగా చేరిన అమ్మాయిలు నలుగురు ఈమధ్య మా ఇంటికి వచ్చి, "తల్లిని వదలనని ఏడ్చే పిల్లల్ని ఎలా ఊరుకోబెట్టేవారండి, మీ అనుభవం కాస్త రాసివ్వండి" అన్నారు. ఊరుకోబెట్టిన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ళ గురించి రాస్తే నాకు బాగుంటుంది, మీకు పనికిరాదు. నా నోటి మూలంగా ప్రాణం మీదికి తెచ్చుకున్న పిల్ల ఒకతి ఉంది. దాని సంగతి రాస్తాను. పేర్లు రాయను. ఆ కుటుంబం ఇంకా ఊళ్ళోనే ఉంది.

డెబ్భైల చివరి మాట. మా వైపు అప్పటికి బాలవాడి అనేవారు. కాలువ గట్టు మీద ఊరు మాది, భీమవరం బస్సు రోజుకి మూడుసార్లు ఆగేది. బాలవాడి అంటే ఒక పెంకుటింటి ముందు గది, ఒక వరండా, ఒక టీచరుగారు, ఒక ఆయా. ఆయాని నేను. పొద్దున్నే ఇళ్ళకి వెళ్ళి పిల్లల్ని పోగుచేసుకు రావడం, పాలపిండి కలపడం, గోధుమరవ్వ ఉప్మా వండడం, ముక్కులు తుడవడం నా పని. నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. సంతకం చోట బొటనవేలు వేసేదాన్ని. టీచరుగారికి ఇరవై రెండో ఇరవై మూడో. ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేని మనిషి. ఆవిడ బస్సు దిగితే దుమ్ము కూడా ఆ చీర మీద వాలడానికి మొహమాటపడేది.

రాజమండ్రిలో ట్రైనింగ్ అయ్యాక ఆవిడకి నాలుగు బొమ్మల పుస్తకాలు ఇచ్చి పంపారు. మూడింటిని పిల్లలు పట్టించుకోలేదు. నాలుగోది బాతుపిల్లది. తల్లి బాతు పొద్దున్నే చేలోకి పోవాలి, పిల్ల వదలనని ఏడుస్తుంది, ఆఖరికి సాయంత్రం ఇద్దరూ కలుస్తారు. కోతలయ్యాక చేలనిండా బాతుల మందలు దిగే ఊరు మాది. ఆ బొమ్మ మా పిల్లలకి చుట్టం కింద లెక్క.

అయితే టీచరుగారు చదివితే వాళ్ళు ఇంకా గట్టిగా ఏడ్చేవారు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు, చుక్క దగ్గర ఆగుతూ, తిథి వార నక్షత్రాలు చెప్పినట్టు చదివేవారు. ఒకరోజు ఆవిడ రిజిస్టరు రాసుకుంటూ, "ఆయమ్మా, కాసేపు మీరు చూడండి, నావల్ల కావడం లేదు" అన్నారు. నేను ఒక పిల్లని ఒళ్ళో వేసుకున్నాను. పుస్తకం తెరిచి, వరసల కింద వేలు నడిపిస్తూ కథ చెప్పాను. గది సద్దుమణిగిపోయింది. టీచరుగారు తలెత్తి నావైపు చూసి, మళ్ళీ రిజిస్టరులోకి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి ఆ పుస్తకం నా సొత్తయింది.

కథ నాకు తెలుసుననే అనుకున్నాను. అంతకుముందు ఒకసారి ఆవిడ నాకు మొత్తం చదివి వినిపించారు. ఆ టైములో పొయ్యి మీద ఉప్మా అడుగంటుతోంది. నా చెవి సగమే అక్కడుంది. మిగిలిన సగాన్ని బొమ్మలు చూసి పూడ్చుకున్నాను. అయిదో పేజీలో బాతుపిల్ల ఒక్కతే గట్టు మీద ఉంటుంది, ఒక కాలు కొంచెం ఎత్తి. ఆరో పేజీలో తల్లి రెక్క కింద ఉంటుంది. మధ్యలో ఏం జరిగి ఉంటుంది? కాలెత్తింది అంటే నడిచిందనే కదా. "బాతుపిల్ల ఏడుపు మానేసింది. గట్టమ్మట నడిచి, నడిచి, ఆళ్ళమ్మ కాడికి తనే ఎల్లిపోయింది" అని చెప్పేదాన్ని. ఆ ముక్క దగ్గర పిల్లల కళ్ళు మెరిసేవి. అది చూస్తే నా మనసు పొంగిపోయేది. రోజురోజుకీ ఆ నడకని పొడుగు చేశాను. దారిలో ఒక పీతని పెట్టాను, ఒక కొంగని పెట్టాను. చదువుకున్నవాళ్ళు తప్పు చదివితే ఒకచోటే తప్పుతారు. నాలాంటిది తప్పితే ఇలా కొమ్మలు వేస్తుంది.

ఆషాఢంలో ఊడ్పులు, అంటే వరినాట్లు, మొదలయ్యాయి. మీలో చాలామందికి ఆ పని తెలియకపోవచ్చు, ఒక్క ముక్క చెబుతాను. నారు ఊడ్చే ఆడవాళ్ళు ముఠాగా వెళ్తారు, చేలో అందరూ ఒకేసారి వరసగా దిగుతారు. ఒకతె ఆలస్యమైతే వరస చెడుతుంది. రెండు రోజులు చూసి, మూడో రోజు ఆ చోట్లో ముఠాని నడిపే మేస్త్రీ ఇంకొకతెని దింపేస్తుంది. సీజనంతా ఇక అంతే.

ఈ పిల్లకి నాలుగేళ్ళు. తండ్రి పెంకులు మోసే పడవ మీద పనిచేసే కళాసి, ఎప్పుడో గాని ఇంటికి రాడు. తల్లీ పిల్లా ఇద్దరే. పిల్ల తల్లి కొంగు పట్టుకుంటే ఇద్దరు విడదీయాలి. బాలవాడి గుమ్మంలో రోజూ ఇదే తంతు. ముఠాలో ఆడవాళ్ళు రోడ్డు మీద నుంచి కేకలేసేవారు.

"కన్నుగప్పి వచ్చెయ్యవే. రెండ్రోజులు ఏడిసి అదే ఊరుకుంటాది."

"ఊరుకోదు. దాని గొంతు వాళ్ళ నాన్న గొంతే, అవతలి రేవు దాకా వినపడతాది."

నవ్వేవారు. తల్లి నవ్వేది కాదు. "అక్కా, ఇయ్యాల కూడా లేటైతే నన్ను తీసేత్తానంది. ఏదోటి చెయ్యి" అంది నాతో.

"కన్నుగప్పి మాత్రం పోకు" అన్నాను. "ఒకసారి మాయమైతే ఇంకెప్పుడూ నిన్ను నమ్మదు. ఎక్కడికి పోతున్నావో, ఎప్పుడొస్తావో దానికి చెప్పి పో." ఆ సలహా ఇప్పటికీ మంచిదే. తరవాత పిల్లని ఒళ్ళో వేసుకుని పుస్తకం తెరిచాను.

తల్లి చెప్పి వెళ్ళి వరస అందుకునేది, పిల్ల నా ఒళ్ళో ఏడ్చేది. నాలుగో రోజుకి ఏడుపు ఆగింది. ఊరంతా ముక్కున వేలేసుకుంది. మేస్త్రీ స్వయంగా వచ్చి నా చేతిలో రెండు తమలపాకులు పెట్టి వెళ్ళింది. పిల్ల ఎప్పుడూ అయిదో పేజీనే తియ్యమనేది.

"ఎటేపు ఎల్లింది?"

"నీళ్ళు ఎటు పోతే అటే ఎల్లింది."

"ఆళ్ళమ్మ ఎక్కడుంది?"

"లాకుల అవతల చేలో ఉంది." ఏం, మనూరి లాకులు పెడితే పిల్లకి దగ్గరగా ఉంటుంది కదా అని పెట్టాను.

పిల్ల ఆ బొమ్మ మీద వేలు పెట్టి, నేను పెట్టినట్టే, నడిపించేది.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. తల్లి గుమ్మం దగ్గర కూర్చుని పిల్ల జుట్టు సవరిస్తూ, నేను నేర్పినట్టే చెప్పింది. "ఇయ్యాల లాకుల అవతల చేలో ఉంటాను. పొద్దుగూకేతలికి వత్తాను." పిల్ల బుద్ధిగా తలూపింది. అంత బుద్ధిగా ఊపినప్పుడే నాకు అనుమానం రావలసింది. నేను తమలపాకుల మత్తులో ఉన్నాను.

పాలు తాగాక గ్లాసులు కడిగి బోర్లిస్తుంటే ఒకటి తగ్గింది. గదిలోకి వెళ్ళి తలలు లెక్కపెట్టాను. అక్కడా ఒకటి తగ్గింది. మళ్ళీ లెక్కపెట్టాను. వరండా, పెరడు, పొయ్యి వెనక, గోనె సంచుల వెనక చూశాను. టీచరుగారి మొహం సుద్దలా అయిపోయింది.

"ఇప్పుడే ఇక్కడే ఉందిగా" అన్నారు.

మూలన కూర్చున్న ఇంకో పిల్ల, పలక నాకుతున్నది, తాపీగా చెప్పింది. "ఎల్లిపోయిందండి. బాతుపిల్ల లాగ."

"బాతుపిల్ల ఎక్కడికి వెళ్ళిందమ్మా? ఎక్కడికీ వెళ్ళలేదు కదా" అన్నారు టీచరుగారు.

పిల్లలందరూ ఒక్కసారి ఆవిడ మీద పడ్డారు. ఎల్లిందండి. గట్టమ్మట ఎల్లిందండి. పీత కనపడిందండి. లాకుల కాడికి ఎల్లిందండి.

టీచరుగారు పుస్తకం తీశారు. అయిదో పేజీ. ఎప్పటిలాగే చుక్క దగ్గర ఆగుతూ చదివారు. "బాతుపిల్ల గట్టు మీద కూర్చుంది. నీళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. అమ్మ వచ్చేదాకా అక్కడే ఉంది."

తరవాత నావైపు చూశారు. ఆ చూపుకి జవాబు చెప్పేంత టైము లేదు. పరిగెత్తాను.

ఊడ్పుల రోజుల్లో కాలువ గట్టుల దాకా నిండి ఉంటుంది. ఎర్రనీరు. చూస్తే కదలనట్టే ఉంటుంది, కొబ్బరి మట్ట పడితే తెలుస్తుంది ఎంత వడిగా పోతోందో. గేదెల్ని కడుగుతున్న ముసలాయన కనిపించాడు.

"పిల్లేమన్నా ఇటు వచ్చిందా అండి?"

"ఆయ్. ఒక బుడ్డది ఇటే ఎల్లింది. చేతిలో గ్లాసుంది. ఎవరి పిల్లో, పాలకి ఎల్తందనుకున్నా."

"ఒక్కతేనా?"

"ఒక్కతే. ఏదో పాడుకుంటా ఎల్తంది."

ఇంకొంచెం ముందుకి చాకిరేవు. రేవు ఆఖరి మెట్టు మీద, నీళ్ళకి బెత్తెడు ఎత్తున, మా బాలవాడి అల్యూమినియం గ్లాసు నిలబెట్టి ఉంది. పక్కన ఎవరూ లేరు.

నాకు ఈత రాదు. అయినా దిగాను. మెడ దాకా దిగి, కాళ్ళతో అడుగున వెతికాను. బురద, రాయి, ఏదో గుడ్డ. ఆ గుడ్డ పాదానికి తగిలినప్పుడు నా లోపల జరిగింది నేను రాయలేను. వేళ్ళతో పట్టి పైకి లాగాను. ఎవరిదో పాత లుంగీ. అప్పుడు లాకుల వైపు నుంచి కేకలు వినపడ్డాయి. "కదలకు, ఓ పిల్లా, కదలకు."

లాకు అంటే కాలువకి అడ్డంగా ఉండే జంట తలుపులు. ఎగువ నీరు, దిగువ నీరు సమం చేసి పడవల్ని దాటిస్తారు. ఆ తలుపుల నెత్తిన మనిషి నడవడానికి సన్నని చెక్క ఉంటుంది, లాకు తిప్పే లస్కర్లు దాని మీదే అటూ ఇటూ దాటతారు. ఒక పక్క నిండు కాలువ, ఇంకో పక్క నిలువెత్తు లోతున నీళ్ళు సుడి తిరుగుతూ. మా పిల్ల ఆ చెక్క నడి మధ్యన, రెండు తలుపులు కలిసే సందు దగ్గర, నిలబడి ఉంది. అవతలి గట్టున లస్కరు తలుపు తియ్యబోయి చూశాడట, చూసి అరిచాడట. అతను ఒక అడుగు వేస్తే పిల్ల ఒక అడుగు వెనక్కి వేస్తోంది. పెద్ద మీసాల మనిషి. భయపడింది. వెనక్కి వేసే అడుగు చూసుకుని వెయ్యదు కదా పిల్ల.

"ఎవరిదమ్మా ఈ పిల్ల? నేనెల్తంటే అది ఎనక్కెల్తంది" అన్నాడు.

"మీరు ఆగండి" అన్నాను. ఇవతలి గట్టున మోకాళ్ళ మీద కూర్చున్నాను. లాకు దాటడానికి ఆగిన పడవ మీద కళాసులు నలుగురు గుడ్లప్పగించి నిలబడ్డారు. గేదెల ముసలాయన కూడా వెనకాలే వచ్చాడు.

"అమ్మడూ, అక్కడే కూర్చోవే."

పిల్ల నన్ను చూసి నవ్వింది. దూరంగా చేలో వంగి ఉన్న ఆడవాళ్ళ వరస వైపు చెయ్యి చూపించింది. ఆ చెయ్యి ఎత్తినప్పుడు ఒళ్ళు ఊగింది. "అమ్మ అక్కడుంది."

"ఉందిలే. నువ్వు కూర్చో."

"కూకోను. బాతుపిల్ల కూకోలేదుగా."

ఏం చెప్పాలి? ఏదో ఒక తియ్యటి మాట చెప్పి లాగుదామా అనిపించింది. అలాంటి మాటలే ఇక్కడిదాకా తెచ్చాయి.

"కూర్చుంది. నేను నీకు తప్పు చెప్పాను" అన్నాను.

"పుస్తకంలో ఉందన్నావు."

"పుస్తకంలో లేదు. నాకు చదవడం రాదు."

"యేలెట్టి చదివేవుగా."

"ఊరికే పెట్టాను. బొమ్మ చూసి కల్పించి చెప్పాను. నాకు ఒక్క అక్షరం రాదు అమ్మడూ."

గట్టు మీద అందరూ విన్నారు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే, బొటనవేలు దానిది అని. కానీ నేను నా నోటితో ఎవరికీ చెప్పలేదు. పిల్ల మొహం ముడుచుకుంది. భయం పోయి కోపం వచ్చింది. నాలుగేళ్ళ పిల్లకి మోసం తెలియదనుకోకండి.

"మరి బాతుపిల్ల ఏం చేసింది?"

"గట్టు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నీళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. వాళ్ళమ్మే వచ్చింది."

"ఎంతసేపు?"

"వాళ్ళమ్మ వచ్చేదాకా."

ఆలోచించింది. నిజమేనా అన్నట్టు నా మొహం చాలాసేపు చూసింది. తరవాత గౌను సర్దుకుని, రెండు చేతులూ చెక్క మీద ఆనించి, నెమ్మదిగా కూర్చుంది. లస్కరు బోర్లా పడుకుని పాముకుంటూ వెళ్ళాడు. కాలి మడమ దొరకబుచ్చుకున్నాడు.

అవతలి గట్టుకి చేర్చాడు. అప్పటికే తల్లి చేలోంచి పరిగెత్తుకొచ్చింది, మోకాళ్ళ దాకా బురద, చేతిలో ఇంకా నారు కట్ట. నేను ఆ చెక్క మీద దాటలేకపోయాను. వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాను. నాకన్నా ముందు టీచరుగారు చేరారు. పిల్లల్ని పక్కింటావిడకి అప్పజెప్పి వచ్చినట్టున్నారు. తల్లితో ఏదో చెబుతున్నారు.

"గేటు ఎవరో తీసి వదిలేశారమ్మా. చూస్తుండగానే జారిపోయింది. ఆయమ్మ తప్పేం లేదు."

మా బాలవాడికి గేటే లేదు. ఆవిడ అబద్ధం ఆడటం నేను చూసింది అదొక్కసారే, అదీ నాకోసం. ఒప్పుకుని ఊరుకుంటే సరిపోయేది.

"గేటు కాదు" అన్నాను. "నేను చెప్పిన కథ విని వచ్చింది. పుస్తకంలో అలా లేదు. నేను చదివినట్టు నటించాను."

తల్లి పిల్లని చంకనేసుకుని నావైపు చూసింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

"అక్కా, నోటి మాటైతే నేను నమ్మేదాన్ని కాదు" అంది. "పుస్తకంలో ఉందంటే నమ్మేను."

అంతే. నారు కట్ట అక్కడే పడేసి ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి పిల్లని పంపలేదు. పిల్లని వదిలి తనూ వెళ్ళలేదు. మూడో రోజు ముఠాలో ఆ చోటు పోయింది. నా చేతిలో తమలపాకులు పెట్టిన మేస్త్రీయే తీసేసింది, నేను వెళ్ళి బతిమాలినా వినలేదు. "వరస ఆగదమ్మా" అంది. నిజమే, ఆగదు.

టీచరుగారు ఈ సంగతి రిజిస్టరులో రాయలేదు. రాయండి అన్నాను. "రాస్తే మీ ఉద్యోగం పోతుంది, ఆ తరవాత నాది" అన్నారు. అప్పుడు ఆవిడ రాసి ఉంటే నేనిప్పుడు ఈ నాలుగు పేజీలు రాయక్కర్లేకపోయేది.

"రాయకపోతే ఒక పని చెయ్యండి, నాకు నేర్పండి" అన్నాను.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక, పిల్లల పలక మీదే మొదలెట్టాను. ముప్ఫై ఎనిమిదేళ్ళ చేతికి బలపం ఇమడదు. రోకలి పట్టుకున్నట్టు పట్టుకునేదాన్ని, పుటుక్కున విరిగేది. టీచరుగారు నా చెయ్యి పట్టుకుని దిద్దించడానికి మొదట్లో సిగ్గుపడ్డారు, వయసులో పెద్దదాన్నని. "ముక్కు తుడిచే చెయ్యే కదా, పట్టుకోండి" అన్నాను. అఆలు మొత్తం అయ్యేదాకా ఆగలేదు నేను. ఆ అయిదో పేజీలో ఉన్న అక్షరాలే ముందు నేర్పమన్నాను. బ, త, ప, ల, గ, ట. ఆవిడ ట్రైనింగులో అలాంటి పద్ధతి లేదట. అయినా నేర్పారు.

ఊడ్పులు అయిపోయాయి. చేలు పచ్చబడ్డాయి. వినాయక చవితి దాటాక ఒక మధ్యాహ్నం పుస్తకం చీర కొంగులో చుట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి చాప అల్లుతోంది. పిల్ల పక్కనే ఆడుకుంటోంది. నన్ను చూసి పిల్ల లేచి వచ్చింది, తల్లి లేవలేదు.

"చదవడం నేర్చుకున్నాను. ఈ పేజీ చదువుతాను, విను" అన్నాను.

వేలు పెట్టాను. ఈసారి వేలు అక్షరం దగ్గర ఆగింది, అక్షరం నోట్లోకి వచ్చేదాకా కదల్లేదు. మూడు వాక్యాలకి చెమట పట్టింది. బాతుపిల్ల గట్టు మీద కూర్చుంది. నీళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. అమ్మ వచ్చేదాకా అక్కడే ఉంది. చదివి తలెత్తాను, ఏదో సాధించినట్టు.

తల్లి అల్లిక ఆపకుండానే అంది. "బాగుంది. ఇప్పుడు నువ్వు చెప్పింది అందులో ఉందని నాకెలాగ తెలుత్తాది?"

నాకు కోపం రాలేదు. ఆ ప్రశ్న నన్ను ఎవరైనా ముందే అడిగి ఉంటే పిల్ల లాకు దాకా పోయేది కాదు. చాపలో ఒక అంచు పూర్తయింది.

"నాకు నేర్పు" అంది. "నేను చదివి చూసుకున్నాక పంపుతాను."

నాకు వచ్చింది ఎంతని నేర్పను? మధ్యాహ్నం టీచరుగారి దగ్గర నేర్చుకున్నది సాయంత్రం పనయ్యాక ఆ తల్లికి అప్పజెప్పేదాన్ని. ఒక్కోసారి నాకన్నా ముందు పట్టేసేది, పైగా "అది గ కాదక్కా, తలకట్టు చూడు" అని దెప్పేది. పిల్ల మా ఇద్దరి మధ్యన కూర్చుని, ఎవరు తప్పితే వాళ్ళని నవ్వేది.

కోతల ముందు ఒకరోజు తల్లి పుస్తకం నా చేతిలోంచి తీసుకుంది. అయిదో పేజీ తనే తీసింది. కూడబలుక్కుంటూ, పెదాలు కదుపుతూ, మొదటి నుంచి ఆఖరి దాకా చదివింది. మళ్ళీ మొదటికి వచ్చి ఇంకోసారి చదివింది. పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టింది.

"ఉంది" అంది. "రేపు తీసుకొత్తాను."

మర్నాడు తీసుకొచ్చింది. పిల్ల గుమ్మంలోనే కొంగు వదిలేసి లోపలికి పోయి, తన చోట్లో కూర్చుంది. తల్లి మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. బాలవాడి అరుగు మీద, పిల్ల వీపు కనపడే చోట, పొద్దుగూకేదాకా కూర్చుంది. టీచరుగారు నాకేసి చూశారు, ఆవిడని వెళ్ళమని చెప్పనా అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపి, ఆవిడకి కూడా ఒక గ్లాసు పాలు కలిపాను.